నాలుగేళ్ల పాపతో వంటింటి ద్రవాలతో ఏ ప్రయోగాలు చేయించవచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పాపకి నాలుగేళ్లు నిండాయి. వీడియో చూసి పాలలో రంగులు వేసి సబ్బు ముంచే ప్రయోగం చేశారు, రంగులు కదల్లేదు. రంగులు మార్చే ఎర్ర క్యాబేజీ మీ ఊళ్లో దొరకలేదు. పాప రెండు నిమిషాలు చూసి లేచి వెళ్లిపోయింది. మీరు కామర్స్ చదివారు కాబట్టి "ఎందుకు" అని అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్. ఇంట్లో ఉన్నవాటితోనే, ప్రమాదం లేకుండా ఏం చేయించవచ్చు అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. నీళ్లు, నూనె, పాలు, పసుపు, నిమ్మరసం, తినే సోడా, ఒంటి సబ్బు అరగదీసిన నీళ్లు. ఈ ఏడు ఉంటే ఏడాది గడిచిపోతుంది. మొదటి నెలకి మూడు ప్రయోగాలు చాలు: నీళ్లలో నూనె, పసుపు కాగితం మీద సబ్బు నీళ్లు, ఉప్పునీళ్లలో బంగాళాదుంప ముక్క. షరతు ఒక్కటే. పోసేది పాప కావాలి, మీరు చూస్తూ కూర్చోవాలి. వివరించడం గురించి బెంగ పెట్టుకోకండి, ఈ వయసుకి దాని అవసరం చాలా తక్కువ.

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను ఎనిమిదేళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను, ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా రాజమండ్రిలో చిన్న ప్లే స్కూల్ నడుపుతున్నాను. పెద్ద పిల్లలకి చెప్పిన అనుభవం చిన్నవాళ్ల దగ్గర పనికిరాకపోగా అడ్డం వచ్చింది. మొదటి సంవత్సరం పన్నెండు మందిని చాప మీద కూర్చోబెట్టి, నేనే గ్లాసులో నీళ్లు పోసి, నేనే నూనె పోసి, "నూనెకి సాంద్రత తక్కువ కాబట్టి పైన తేలుతోంది" అని చెప్పాను. అందరూ చాలా బుద్ధిగా విన్నారు. చివర్లో ఒక బాబు చెయ్యెత్తి, "టీచర్, గారెలు ఎప్పుడు వేస్తారు?" అన్నాడు. వాడి తప్పేం లేదు. నూనె ముందు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంటే వాడి అనుభవంలో తర్వాత జరిగేది అదే.

మర్నాడు ప్రతి ఇద్దరికీ ఒక పళ్లెం, రెండు గ్లాసులు, ఒక చెంచా ఇచ్చి నేను నోరు మూసుకున్నాను. నలభై నిమిషాలు ఒక్కరూ లేవలేదు. మీ పాప రెండు నిమిషాల్లో లేచిపోయిందంటే తనకి సైన్స్ మీద ఆసక్తి లేదని కాదు. మీ చేతులు పని చేస్తున్నాయి, తన చేతులు ఖాళీగా ఉన్నాయి, అంతే.

ముందు వట్టి నీళ్లు

వారం రోజులు రంగులూ నూనెలూ ఏవీ వద్దు. అంచు ఉన్న పెద్ద స్టీలు పళ్లెం, అందులో ఒక మగ్గు నీళ్లు, రెండు మూడు రకాల గ్లాసులు, ఒక గరాటు, ఒక స్పాంజి ముక్క, పిల్లల మందు సీసాతో వచ్చే డ్రాపర్ కడిగి ఒకటి. పాప పోస్తుంది, ఒలకబోస్తుంది, స్పాంజితో పీల్చి గిన్నెలోకి పిండుతుంది. డ్రాపర్ నొక్కి వదిలితే నీళ్లు పైకి వస్తాయని కనిపెట్టడానికి కొందరికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ చూపించకుండా ఉండటం మనకే కష్టం. మాంటిస్సోరి పద్ధతిలో ఒక జగ్గు నుంచి ఇంకో జగ్గులోకి పోయడం ఒక పాఠంగానే పెట్టారు. ఆ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి 1939లో మన దేశానికి వచ్చి యుద్ధకాలమంతా ఇక్కడే ఉండి, మద్రాసు అడయార్‌లో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతిలో చదివిన స్నేహితురాలి క్లాసులో పిల్లలు చుక్క కింద పడకుండా పోయడం చూసి నేను కాస్త అసూయపడ్డాను కూడా.

ఈ వారంలోనే ఒక తమాషా చేసి చూడండి. ఒకే రకం పొట్టి గ్లాసులు రెండు తీసుకుని సమానంగా నీళ్లు పోయించండి. "రెండూ ఒకటేనా?" అంటే "ఒకటే" అంటుంది. ఇప్పుడు పాప చేతే ఒక గ్లాసులోవి సన్నటి పొడుగు గ్లాసులోకి పోయించి, "ఇప్పుడు దేంట్లో ఎక్కువున్నాయి?" అని అడగండి. నూటికి తొంభై మంది నాలుగేళ్ల పిల్లలు పొడుగు గ్లాసే చూపిస్తారని నా లెక్క. తన చేత్తో తనే పోసింది, చుక్క కలపలేదు, అయినా ఎక్కువయ్యాయి అంటుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే చేసిన పేరున్న పరీక్ష ఇది. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు కంటికి కనిపించిన ఎత్తునే నమ్ముతారని, ఏడేళ్లు వచ్చేసరికి అది మెల్లగా మారుతుందని ఆయన చెప్పాడు.

దీన్ని ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఎత్తు పెరిగితే నీళ్లే పెరిగాయనుకునే మనిషికి సాంద్రత, తలతన్యత, అణువులు అని చెప్తే ఏమవుతుందో మీరే ఊహించండి. పాప తప్పు చెప్పినప్పుడు దిద్దకండి. "ఓహో, అలాగా" అనండి. రెండేళ్లు పోయాక ఇదే ఆట మళ్లీ ఆడితే "అమ్మా, అవే నీళ్లు కదా" అని మిమ్మల్నే చూసి నవ్వుతుంది.

నూనె, నీళ్లు

గాజు గ్లాసు వద్దు, పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్ గ్లాసు మంచిది. సగం నీళ్లు, పైన రెండు వేళ్ల మందం వేరుశనగ నూనో పొద్దుతిరుగుడు నూనో పాప చేత పోయించండి. పోసే ముందు ఒకే ప్రశ్న: "ఇది ఎక్కడికి వెళ్తుంది?" సమాధానం ఏదైనా సరే. ఇప్పుడు డ్రాపర్‌తో కేకుల్లో వాడే ఫుడ్ కలర్ కలిపిన నీళ్ల చుక్క ఒకటి నూనె మీద వదిలించండి. చుక్క నూనెలో కరగదు, గుండ్రంగా గోలీలా కిందికి దిగుతుంది, నీటి గీత దగ్గర కాసేపు ఆగుతుంది, తర్వాత పగిలి పొగలా నీళ్లలోకి జారుతుంది. ఆ ఆగే క్షణం దగ్గర పిల్లలు ఊపిరి బిగబడతారు. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకూ అదే స్థితి.

తర్వాత ఇదంతా ఒక చిన్న సీసాలో పోసి మూత బిగించి ఊపమనండి. కలిసిపోయినట్టు కనిపిస్తుంది, రెండు నిమిషాల్లో విడిపోతుంది. ఇంకోసారి ఊపితే ఇంకోసారి విడిపోతుంది. అప్పుడు నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ఊపితే పాలలా తెల్లబడి, చాలాసేపు విడిపోదు. మా స్కూల్లో ఒక అమ్మాయి దీనికి చెప్పిన వివరణ నాకు ఎప్పటికీ గుర్తు: "నూనె, నీళ్లు కటీఫ్. సబ్బు వచ్చి దోస్తీ చేసింది." సబ్బు అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెని పట్టుకుంటుంది అని నేను హైస్కూల్లో చెప్పేదాన్ని. ఆ పిల్ల చెప్పింది దానికి పెద్ద దూరంలో లేదు. ఆ రోజు మధ్యాహ్నం జిడ్డు గిన్నె ఒకటి ముందు వట్టి నీళ్లతో, తర్వాత సబ్బుతో కడగనివ్వండి.

తేనె కూడా పోస్తే మూడు పొరలు వస్తాయి. తేనె నీటి కన్నా సుమారు 1.4 రెట్లు బరువు, నూనె నీటి బరువులో 0.92 వంతు ఉంటుంది. తేనె మొదట, నీళ్లు చెంచా మీదుగా నెమ్మదిగా, నూనె చివర. ఇంట్లో ఏడాది లోపు బిడ్డ కూడా ఉంటే మాత్రం తేనె దగ్గరికి రానివ్వకండి, ఆ వయసుకి ఒక్క చుక్క కూడా నాకించకూడదు. ఒకరకం బ్యాక్టీరియా వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు భయం ఉంది. మనవాళ్లు పుట్టగానే నాకించే అలవాటు ఉంది కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

డిసెంబరు, జనవరిలో అయితే కొబ్బరి నూనె. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. గడ్డకట్టిన చిన్న సీసాని పాప రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంటే అంచుల నుంచి కరుగుతుంది. ఖర్చు లేదు, తుడవాల్సిన పని లేదు.

మీ పాలు ఎందుకు కదల్లేదు

పాల ప్రయోగం చెడిపోయే దారులు నాకు తెలిసి నాలుగు. మనం పాలు కాచి వాడతాం, పైన సన్నగా మీగడ కడుతుంది. దాని మీద వేసిన రంగు ఆ మీగడకే అంటుకుని కూర్చుంటుంది. రెండోది, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి పాలు. మూడోది, గిన్నెకి ముందే సబ్బు జిడ్డు మిగిలి ఉండటం. అప్పుడు జరగాల్సింది మీరు చూడకముందే జరిగిపోతుంది. నాలుగోది, ఒకసారి సబ్బు ముంచాక అవే పాలతో మళ్లీ మళ్లీ ప్రయత్నించడం.

ప్యాకెట్ పాలు వడగట్టి, గది వేడికి వచ్చాక, మంచి నీళ్లతో బాగా తొలిచిన తెల్ల పింగాణీ ప్లేటులో అర సెంటీమీటరు ఎత్తున పోయండి. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు ఉంటుంది, టోన్డ్‌లో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. కొవ్వు ఎక్కువున్న పాలలో ఆట ఎక్కువసేపు సాగుతుంది. నాలుగు చుక్కల రంగు అంచుల దగ్గర కాకుండా మధ్యలో వేయండి. ఇయర్ బడ్‌ని గిన్నెలు తోమే లిక్విడ్‌లో ముంచి పాలని తాకి ఆగమనండి, కలపొద్దు. పాల పైపొరని బిగించి పట్టి ఉంచే శక్తి సబ్బు తగిలిన చోట సడలుతుంది. చుట్టూ ఇంకా బిగుతుగా ఉన్న పొర రంగుల్ని తనవైపు లాక్కుంటుంది. మీకోసం చెప్తున్నాను, పాపకి చెప్పక్కర్లేదు.

పాలు పారబోయడానికి మనసొప్పకపోతే (నాకూ ఒప్పదు, మా అమ్మ చూస్తే ఊరుకునేది కాదు) విరిగిన పాలో, పుల్లబడుతున్నవో అలాంటి రోజుకి దాచకండి, వాటితో రాదు. బదులుగా నీళ్ల మీద మిరియాల పొడి చల్లి సబ్బు వేలు ముంచే ప్రయోగం ఉంది. అయితే నేను మిరియాలు వాడటం మానేశాను. పిల్లలు అదే వేలితో కన్ను నలుపుకుంటారు. ఎండిన కరివేపాకు నలిపి చల్లండి. అదీ తేలుతుంది, అదీ పరిగెడుతుంది.

పసుపు: మన ఇంటి లిట్మస్

విదేశీ వీడియోల్లో ఎర్ర క్యాబేజీ వాడతారు కాబట్టి అందరూ దానికోసమే వెతుకుతారు. మనకి పసుపుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారు? పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే చాలు. పెళ్లిళ్లలో పాదాలకి పెట్టే పారాణి కూడా పసుపు, సున్నమే. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం సున్నం, సబ్బు లాంటి క్షారం తగలగానే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. సాంబారు పడ్డ చొక్కాకి సబ్బు రుద్దగానే మరక ఎర్రబడి మన గుండె జారేది ఇందుకే.

పిల్లలతో మాత్రం సున్నం వాడకండి. పొరపాటున కంట్లో పడితే చూపుకే ముప్పు. కిళ్లీ సున్నం ట్యూబులు, ప్యాకెట్లు నొక్కినప్పుడు చిమ్మి పిల్లల కళ్లు పోయిన సంఘటనలు కంటి డాక్టర్లు చెప్తూనే ఉంటారు. సున్నం పని సబ్బు చేసిపెడుతుంది.

అర చెంచా పసుపుని రెండు చెంచాల నీళ్లలో కలిపి తెల్ల కాగితం మీద దూదితో పూయించి ఆరబెట్టండి. డ్రాయింగ్ షీట్ అయితే ఇంకా బాగుంటుంది, పల్చటి కాగితం చిరుగుతుంది. ఆరాక, ఒంటి సబ్బు బిళ్లని నీళ్లలో అరగదీసి, ఆ నీళ్లలో ఇయర్ బడ్ ముంచి బొమ్మ గీయమనండి. రంగులేని నీళ్లతో ఎర్రటి గీతలు వస్తాయి. పక్కన నిమ్మరసం పెట్టండి. గీత మీద నిమ్మ చుక్క వేస్తే ఎరుపు మాయం. మళ్లీ సబ్బు, మళ్లీ ఎరుపు. మా పిల్లలు దీనికి "ఉందీ లేదూ" అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, షాంపూతో, బాడీ వాష్‌తో చాలాసార్లు పసుపు ఎర్రబడదు. వాటిలో చాలావాటికి క్షార గుణం తక్కువ, కొన్నింటికి అసలు ఉండదు. పాత పద్ధతి సబ్బు బిళ్లే కావాలి. తినే సోడాతో కొంచెం మసకగా, నారింజ గోధుమ రంగులా వస్తుంది. బట్టల సోడాతో బ్రహ్మాండంగా వస్తుంది కానీ అది చర్మానికీ కంటికీ మంచిది కాదు, వాడొద్దు.

మీ వీధిలో ఎవరింటి గోడ మీదైనా నీలం శంఖుపూలు ఉంటాయి. పది పూలు గ్లాసుడు వేడినీళ్లలో మీరు వేసి, చల్లారాక పాపకి ఇవ్వండి. చిక్కటి నీలం నీళ్లు. నిమ్మరసం చుక్కచుక్కగా పడుతుంటే ఊదా, ఆ తర్వాత గులాబి. తినే సోడా కలిపిన నీళ్లు పోస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఎర్ర మందారం రేకులు కూడా పనికొస్తాయి: పులుపుకి గులాబి ఎరుపు, సోడాకి ఆకుపచ్చ. రంగులు తేలిపోయినట్టుంటే పూలు తక్కువయ్యాయని అర్థం. చింతపండు నీళ్లు, మజ్జిగ, సబ్బు నీళ్లు, వట్టి నీళ్లు నాలుగు కప్పుల్లో పోసిపెడితే పాప తనంతట తనే "ఇది నిమ్మకాయ జట్టు, ఇది సబ్బు జట్టు" అని విడగొడుతుంది. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు చదివేటప్పుడు ఆ జట్లు గుర్తొస్తే మంచిదే, రాకపోయినా నష్టం లేదు.

చింతపండు మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. పూజ సామాను తోమే రోజు రాగి చెంబు సగం పాపకి వదిలేయండి. చింతపండుకి కొంచెం ఉప్పు అద్ది రుద్దితే నల్లటి పొర పోయి కొత్త రాగి బయటపడుతుంది. పులుపు ఆ పొరని కరిగించేస్తుంది. ఒక సగం తోమి ఒక సగం వదిలేసిన చెంబుని మా పిల్లలు వారం రోజులు షోకేసులో పెట్టించారు.

మునిగేవి, తేలేవి

వీడియోల్లో గుడ్డు చూపిస్తారు. శాకాహారుల ఇళ్లలో గుడ్డు ఉండదు కదా. బంగాళాదుంప ముక్క అంతే బాగా పనిచేస్తుంది. మంచినీళ్లలో మునుగుతుంది. రెండొందల మిల్లీలీటర్ల గ్లాసులో మూడు పెద్ద చెంచాల ఉప్పు పోసి పూర్తిగా కరిగేదాకా కలిపితే తేలుతుంది. ఉప్పు వేసి, కలిపి, చూసి, మళ్లీ వేసే పని అంతా పాపదే. తొందరపడి మీరు ఒకేసారి గుమ్మరించకండి. చెంచా చెంచాకీ "ఇప్పుడు?" అని అడగడంలోనే ఉంది అసలు సంగతి. కమలాపండు తొక్కతో తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది. తొక్కలోని గాలి దానికి ఈత బెలూన్ లాంటిది. బరువు తగ్గిస్తే మునిగిపోవడం ఏమిటని పెద్దవాళ్లే తెల్లబోతారు.

పొంగేవి

తినే సోడాని ప్లేటులో పల్చగా పరిచి, డ్రాపర్‌తో నిమ్మరసం చుక్కలు వేయించండి. చుక్క పడ్డచోటల్లా బుసబుస. అగ్నిపర్వతం బొమ్మలూ అవీ కట్టి ఒక్కసారి పొంగించడం కన్నా ఈ వంద చుక్కలు మేలు. వచ్చే గ్యాసు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్), తాగే సోడాలో ఉండేదే. మన గోలీసోడాలో గోలీని లోపలి నుంచి పైకి నెట్టి మూతలా పట్టి ఉంచేదీ ఆ గ్యాసే. ఆ సీసాని 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు చేశాడు, అక్కడ పోయి ఇక్కడ బతికింది. తినే సోడా, నిమ్మరసం కలిపి సీసా మూత మాత్రం ఎప్పుడూ బిగించకండి, పేలుతుంది.

గ్లాసు తాగే సోడాలో నాలుగు కిస్‌మిస్‌లు వేస్తే బుడగలు వాటికి అంటుకుని పైకి తెస్తాయి, పైన బుడగ పగలగానే కిందికి దిగుతాయి. మా చిన్నప్పుడు ఇదే ప్రయోగం కలరా ఉండలతో చేయించేవారు. దయచేసి చేయించొద్దు. నాఫ్తలీన్ విషం. జి6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకైతే ఎర్ర రక్తకణాలు పగిలిపోయేంత ప్రమాదం, ఆ లోపం ఉందని చాలామంది ఇళ్లలో తెలియను కూడా తెలియదు. చూడటానికి అది తెల్లటి మిఠాయిలాగే ఉంటుంది.

కార్న్‌ఫ్లోర్ ముద్ద గురించి ఒక్క మాట. రెండు కప్పుల పిండికి ఒక కప్పు నీళ్లు, కొంచెం అటూఇటూ. గుద్దితే గట్టి, వదిలేస్తే జారుడు. రాలేదని రాసేవాళ్లలో ఎక్కువమంది పసుపుపచ్చ మొక్కజొన్న పిండి వాడి ఉంటారు. కావాల్సింది మంచూరియా, సూపుల్లో వేసే తెల్లటి, మెత్తటి గంజిపిండి. ఆట అయ్యాక సింకులో పోయకండి, పైపు పూడుకుపోతుంది. మా స్కూల్లో ప్లంబర్‌కి రెండుసార్లు డబ్బులిచ్చాక నేర్చుకున్నాను.

రాత్రి పెట్టి పొద్దున చూసేవి

మూడు చిన్న గిన్నెల్లో గోరువెచ్చటి పాలు. ఒకదానికి తోడు వేసి గట్టు మీద, ఒకదానికి తోడు వేసి ఫ్రిజ్‌లో, ఒకటి తోడు లేకుండా గట్టు మీద. తోడు పాపే వేయాలి. పొద్దున లేవగానే పరిగెత్తుకెళ్లి చూసే ప్రయోగం మా దగ్గర ఇదొక్కటే. నిమ్మరసం చుక్కలు వేసి ఇంకో గిన్నెలో పాలు విరగ్గొట్టి చూపితే, పాలు రెండు రకాలుగా గట్టిపడతాయని తెలుస్తుంది. తెల్ల చామంతి కాడ ఏటవాలుగా కోసి నీలం నీళ్లలో పెడితే మర్నాటికి రేకుల అంచుల్లో నీలం కనిపిస్తుంది. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు వత్తి నూనెని పైకి పీల్చడం కూడా ఆ పద్ధతే.

జాగ్రత్తలు, నా తప్పుతో సహా

ఒక ఏడాది మా స్కూల్లో ద్రవాలు కలిపే ఆట జోరుగా సాగింది. ఒకరోజు ఒక తల్లి వచ్చి, వాళ్ల బాబు బాత్రూములో ఫినాయిల్ తీసి బకెట్ నీళ్లలో పోసి "పాలు చేశాను" అని పిలిచాడని చెప్పింది. అదృష్టం, నోట్లో పెట్టుకోలేదు. తప్పు నాదే. కలపడం నేర్పాను, ఏవి కలపాలో హద్దు నేర్పలేదు. అప్పటి నుంచి మాకు ఒకే సూత్రం: పళ్లెంలో ఉన్నవే ఆట, పళ్లెం అమ్మ పెడితేనే ఆట. పళ్లెం కూడా ఎప్పుడూ ఒకటే, రంగు కూడా మార్చను.

బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్, కిరోసిన్, దోమల మందు, శానిటైజర్, మైలుతుత్తం పై అరలో తాళంలో ఉండాలి, కూల్‌డ్రింక్ సీసాల్లో అసలు పోసి ఉంచకూడదు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది, పెద్దవాళ్లు కూడా కలపకూడదు. బోరాక్స్‌తో చేసే స్లైమ్, పెరాక్సైడ్ నురగలు ఈ వయసుకి వద్దు. ఏదైనా మింగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి, కిరోసిన్, యాసిడ్ విషయంలో వాంతి ఇంకా ప్రమాదం. ఆ సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే పావుగంట పైగా ధారగా నీళ్లు పోసి కడిగి తీసుకెళ్లండి. ఆట నీళ్లు మగ్గులోనే ఉంచండి, బకెట్ నిండా పెట్టి లోపలికి వెళ్లిపోకండి. చిన్నపిల్లలకి కొద్దిపాటి నీళ్లే ముంచేస్తాయి. కిస్‌మిస్‌లు, గోలీల దగ్గర కూడా పక్కనే కూర్చోండి.

"ఎందుకమ్మా?" అంటే

ఎదురు ప్రశ్న వేయండి, "నువ్వేమనుకుంటున్నావు?" చాలాసార్లు పిల్లలు అడిగేది కారణం కాదు, ఇంకోసారి చేయనివ్వమని. నిజంగానే మీకు తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఇద్దరూ కలిసి మళ్లీ చేయండి. ఒకే ప్రయోగం ఎనిమిది రోజులు అడిగితే ఎనిమిది రోజులూ పెట్టండి. ఈసారి నూనె ముందు పోస్తే? వేడినీళ్లయితే? ఇలా ఒక్కటి మార్చండి చాలు (వేడి అంటే చెయ్యి పట్టేంత గోరువెచ్చనే). వారానికి రెండు మూడు సార్లు, అన్నం తిన్న తర్వాత, నిద్ర రాని వేళ చూసుకోండి. ఆకలితో ఉన్న పిల్ల దగ్గర ఏ ప్రయోగమూ సాగదు.

ఇక బట్టల సంగతి. పాతవి వేయండి, అయినా పసుపు పడుతుంది. సబ్బుతో ఉతికాక మిగిలిన మరక చూసి కంగారుపడకండి, ఎండలో ఆరేయండి. కుర్కుమిన్ ఎండకి నిలవదు, మరక వెలిసిపోతుంది. అది కూడా పాపకి చూపించవచ్చు. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద ఒక వేపాకు పెట్టి, ఎగరకుండా పైన రాళ్లు పెట్టి, మంచి ఎండలో మేడ మీద ఉంచండి. సాయంత్రం ఆకు తీసేటప్పుడు చెయ్యి పాపదే అయ్యుండాలి.